మేనమామ పోలిక, ముడతల బఠానీ

సందేహాలు – సమాధానాలు

పదో తరగతి జీవశాస్త్రంలో అనువంశికత పాఠం మొదలైందంటే ఈ శీర్షికకు ఉత్తరాల తాకిడి పెరుగుతుంది. రాసేది పిల్లలే. కానీ ప్రశ్నల్లో సగం ఇంట్లో నానమ్మ దగ్గరో, బెంచీ పక్కన స్నేహితుడి దగ్గరో పుట్టినవి. ఒకేలాంటివి కలిపి, కొన్నింటికి వివరంగా, కొన్నింటికి రెండు ముక్కల్లో జవాబిస్తున్నాను. ఇంటి సంగతులు రాసిన పిల్లల పేర్లూ ఊళ్ళూ తీసేశాం.

*

ప్రశ్న: స్కూల్లో హెల్త్ క్యాంప్ పెట్టి రక్తం గ్రూపులు చూశారు. నాది 'ఓ' పాజిటివ్. నాన్నది 'ఏ', అమ్మది 'బి'. ఇద్దరిలో ఎవరిదీ నాకు రాలేదు. మా బెంచీ అమ్మాయి "అయితే నిన్ను తెచ్చి పెంచుకుంటున్నారేమో" అంది. నవ్వుతూనే అంది కానీ, అప్పట్నుంచీ అమ్మని అడగలేక, అన్నం సయించక ఉన్నాను.
– పదో తరగతి విద్యార్థిని

జవాబు: ముందు అన్నం తిను తల్లీ. నీ గ్రూపు మీ అమ్మానాన్నల దగ్గర్నుంచి వచ్చిందే.

"ఎవరిదీ రాలేదు" అన్నావే, చిక్కంతా అక్కడే. పిల్లలకి అమ్మానాన్నలు ఇచ్చేది గ్రూపుని కాదు, జన్యువుల్ని. ఆ జన్యువులు చేసే పనిని బట్టి గ్రూపు తేలుతుంది. మన ఎర్రకణాల పైన చక్కెర అణువుల గొలుసులు ఉంటాయి. 'ఏ' జన్యువు ఒక ఎంజైమును చేయిస్తుంది. అది గొలుసు చివర ఒక రకం చక్కెరను అతికిస్తుంది. 'బి' జన్యువు చేయించే ఎంజైము ఇంకో రకాన్ని అతికిస్తుంది. 'ఓ' జన్యువులో సాధారణంగా ఒకే ఒక్క అక్షరం ఎగిరిపోయి ఉంటుంది. దాంతో పనికొచ్చే ఎంజైము తయారవదు, గొలుసు చివర బోసిగా ఉండిపోతుంది.

ఈ జన్యువు ప్రతి మనిషిలోనూ రెండేసి ఉంటుంది. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. మీ నాన్నకి ఒకటి 'ఏ', రెండోది 'ఓ' అనుకో. చక్కెర అతికించే పనికి ఆ ఒక్క 'ఏ' చాలు. కాబట్టి ల్యాబ్ చీటీ మీద 'ఏ' అనే రాస్తారు. పక్కనే ఉన్న 'ఓ' సంగతి ఆ పరీక్షకి తెలియదు. మీ అమ్మకీ అంతే: ఒకటి 'బి', ఒకటి 'ఓ'. నీకు ఇద్దరి నుంచీ 'ఓ'లే వచ్చాయి. అలాంటి దంపతులకి ప్రతి కాన్పులోనూ ఇందుకు నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. నీకు తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ళది 'ఏబి' అయినా కావచ్చు. ఒకే ఇంట్లో నాలుగు గ్రూపులూ ఉండటం వింతేం కాదు. ఈ లెక్క మీ బెంచీ అమ్మాయికి నువ్వే గళ్ళు గీసి చెప్పు.

ఇక్కడ ఉపాధ్యాయులకి ఒక మాట. "'ఏబి' తండ్రికి 'ఓ' బిడ్డ పుట్టదు" అని మనం బోర్డు మీద రాసేస్తుంటాం. దాదాపు ఎప్పుడూ నిజమే. కానీ 1952లో మన బొంబాయిలోనే భెండే, ఆయన సహచరులు ఒక అరుదైన గ్రూపును బయటపెట్టారు. ఈ గ్రూపు వాళ్ళలో చక్కెర గొలుసుకి ఆధారమైన భాగమే తయారవదు. లోపల 'ఏ', 'బి' జన్యువులు ఎంత బాగున్నా, అతికించడానికి చోటుండదు. మామూలు పరీక్షలో 'ఓ' అనే కనిపిస్తుంది. దీన్నే బాంబే గ్రూపు అంటారు. మన దేశంలో సుమారు పదివేల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. అంతకన్నా మామూలుగా జరిగేది ఏమిటంటే, క్యాంపుల్లో వందలమందికి గబగబా చుక్కలు వేసి చూసేటప్పుడు చీటీలు తారుమారు కావడం. కాబట్టి దయచేసి పిల్లలచేత ఇంటిల్లిపాది గ్రూపులు తెప్పించి క్లాసులో పట్టిక వేయించకండి. ఊహా కుటుంబాలు ఇచ్చి లెక్కలు చేయించండి, పాఠానికి ఏ లోటూ రాదు.

*

ప్రశ్న: తల్లిదండ్రుల్లో, పిల్లల్లో నాలుక గొట్టంలా చుట్టగలగడం, చెవి తమ్మె చెంపకి అతుక్కుని ఉండటం చూసి పట్టిక రాయమని ప్రాజెక్టు ఇస్తాను. లెక్క ఎప్పుడూ పుస్తకంలో చెప్పినట్టు కుదరదు. పిల్లలు సరిగా చూడటం లేదా?
– జీవశాస్త్ర ఉపాధ్యాయిని, గుంటూరు జిల్లా

జవాబు: పిల్లలు సరిగానే చూస్తున్నారు మేడమ్. తప్పు పుస్తకాలది. నాలుక చుట్టడం ఒకే జన్యువు పని అని 1940లో రాసినవాడు ఆల్ఫ్రెడ్ స్టర్టెవంట్. క్రోమోజోమ్ మీద జన్యువుల వరసని మొట్టమొదట పటంగా గీసిన మహానుభావుడే. 1952లో మాట్లాక్ అనే పరిశోధకుడు 33 జతల సమరూప కవలల్ని పరీక్షిస్తే, 7 జతల్లో ఒకరికి నాలుక చుట్టుకుంది, ఇంకొకరికి చుట్టుకోలేదు. ఒకే జన్యు సంపద ఉన్న కవలల్లోనే ఇలా ఉంటే ఇక ఆ సిద్ధాంతం నిలవదు. స్టర్టెవంట్ ఆ మాటని ఒప్పుకుని, పాఠ్యపుస్తకాలు ఇంకా దాన్ని మోస్తున్నందుకు నొచ్చుకున్నాడు కూడా. ఆయన నొచ్చుకుని అరవై ఏళ్ళవుతోంది, పుస్తకాలు మోస్తూనే ఉన్నాయి.

చెవి తమ్మె సంగతీ అంతే. ఎన్సీఈఆర్టీ పదో తరగతి పుస్తకంలో దాని బొమ్మ ఉంది. 2017లో వచ్చిన పెద్ద అధ్యయనంలో ఆ తమ్మె ఆకారంతో సంబంధం ఉన్న చోట్లు మన డీఎన్ఏలో 49 తేలాయి. అతికినది, అతకనిది అని రెండు రకాలే ఉండవు. మధ్యలో అన్ని రకాలూ ఉంటాయి. అదే ప్రాజెక్టును వైవిధ్యాల పాఠానికి వాడుకోండి. క్లాసులో అందరి ఎత్తులూ కొలిపించి గ్రాఫు గీయించండి. ఎవరి పుట్టుక మీదా అనుమానం రాదు, గ్రాఫు కూడా అందంగా వస్తుంది.

*

ప్రశ్న: బహిర్గత లక్షణం అంతర్గత లక్షణాన్ని అణిచేస్తుంది కదా. మరి తరాలు గడిచేకొద్దీ బహిర్గత లక్షణాలే మిగిలి, అంతర్గతమైనవన్నీ మాయమైపోవాలి కదా? ట్యూషన్ సార్‌ని అడిగితే "పరీక్షలో రాదు, వదిలెయ్" అన్నారు.
– పదో తరగతి విద్యార్థి, కరీంనగర్

జవాబు: వదిలెయ్యకు బాబూ. ఇలాంటి సందేహమే 1908లో లండన్‌లో పెద్దపెద్దవాళ్ళకి వచ్చింది. పొట్టివేళ్ళు పుట్టే ఒక లక్షణం బహిర్గతమని పనెట్ ఉపన్యాసం ఇస్తే, "అలాగైతే జనంలో నలుగురికి ముగ్గురు పొట్టివేళ్ళ వాళ్ళే ఉండాలి కదా" అన్న అభ్యంతరం వచ్చింది. మనం గీసే పనెట్ చదరం ఈ పనెట్ పేరు మీదే. ఆయన వెంటనే జవాబు చెప్పలేక, కేంబ్రిడ్జిలో తనతో క్రికెట్ ఆడే గణితవేత్త హార్డీని అడిగాడు. ఆరేళ్ళ తర్వాత మన రామానుజన్‌ని కేంబ్రిడ్జికి రప్పించిన హార్డీయే. ఆయనకి ఇది ఒక లెక్కగా కూడా ఆనలేదు. జనాభా పెద్దదై, పెళ్ళిళ్ళు ఆ లక్షణంతో నిమిత్తం లేకుండా జరుగుతూ, ఎవరికీ ప్రత్యేక లాభనష్టాలు లేకపోతే, రెండు రకాల జన్యువుల వాటాలూ తరం తర్వాత తరం అలాగే ఉంటాయని చూపించి 'సైన్స్' పత్రికకు పంపాడు. అదే ఏడాది జర్మనీలో వైన్‌బర్గ్ అనే డాక్టరు విడిగా ఇదే తేల్చాడు. హార్డీ–వైన్‌బర్గ్ నియమం అని ఇంటర్లో చదువుతావు.

అంటే కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. అంతర్గత జన్యువు ఒక తరంలో బయటపడకపోయినా చెక్కు చెదరకుండా తర్వాతి తరానికి వెళ్తుంది. బహిర్గతం అయినంత మాత్రాన అది ఎక్కువమందిలో ఉండాలనీ లేదు. ఆరో వేలు చాలా కుటుంబాల్లో బహిర్గత లక్షణంగానే వస్తుంది. మీ ఊళ్ళో ఎంతమందికి ఉంది? 'ఓ' గ్రూపు అంతర్గతం. దానికేం, ఏ బ్లడ్ బ్యాంకుకి వెళ్ళినా 'ఓ' వాళ్ళకి కొదవ ఉండదు.

ఇక "అణిచేస్తుంది" అన్న మాట దగ్గరికి వద్దాం. మెండెల్ ముడతల బఠానీ ఎందుకు ముడతలు పడుతుందో 1990లో ఇంగ్లండులోని నార్విచ్‌లో తేల్చారు. గింజలో పిండిపదార్థం గొలుసులకి కొమ్మలు వేయించే ఒక ఎంజైము ఉంటుంది. ముడతల రకంలో ఆ ఎంజైము జన్యువు మధ్యలో సుమారు 800 అక్షరాల డీఎన్ఏ ముక్క ఒకటి వచ్చి దూరింది. జన్యువు పాడైంది, పిండిపదార్థం సరిగా తయారవదు. చక్కెర అలాగే మిగిలిపోతుంది, దాని కోసం గింజ నీళ్ళు ఎక్కువ పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండినప్పుడు తొక్క ముడుచుకుపోతుంది. రెండింటిలో ఒక జన్యువు బాగున్నా గింజ గుండ్రంగా ఉండటానికి సరిపడా ఎంజైము వస్తుంది. కథ అంతే. మంచి జన్యువు పాడైన జన్యువు జోలికి వెళ్ళనే లేదు. ఇంకో విశేషం విను. ఒకటి మంచిది, ఒకటి పాడైనది ఉన్న గుండ్రటి గింజని సూక్ష్మదర్శిని కింద పెడితే పిండి రేణువులు అటూ ఇటూ కాకుండా మధ్యరకంగా కనిపిస్తాయి. కంటికి బహిర్గతం అయినదే సూక్ష్మదర్శినిలో మధ్యస్థం. బహిర్గతం, అంతర్గతం అనేవి జన్యువుకి పుట్టుకతో వచ్చిన బిరుదులు కావు. మనం ఏ లక్షణాన్ని, ఎంత దగ్గరగా చూస్తున్నామన్న దాన్ని బట్టి అవి మారతాయి.

కీడు చేసే అంతర్గత జన్యువులైనా పోవాలి కదా అని నీ తర్వాతి ప్రశ్న అయి ఉండాలి. సికిల్ సెల్ చూడు. రెండు జన్యువులూ మారితే తీవ్రమైన రక్త వ్యాధి. ఒకటే మారితే మనిషి దాదాపు ఆరోగ్యంగా ఉంటాడు, పైగా ప్రాణాంతకమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. 1954లో ఆలిసన్ అనే పరిశోధకుడు ఆఫ్రికాలో దీన్ని చూపించాడు. మలేరియా తరతరాలుగా పీడించిన చోట్లనే ఈ జన్యువు ఎక్కువగా ఎందుకు మిగిలిందో దీన్నిబట్టి అర్థమవుతుంది. మన ఏజెన్సీ ప్రాంతాలూ వాటిలో ఉన్నాయి. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద నలభై ఏళ్ళలోపు వాళ్ళు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది లక్ష్యం.

*

ప్రశ్న: మా తమ్ముడికి థలసీమియా మేజర్. నెలనెలా రక్తం ఎక్కిస్తారు. "నలుగురిలో ఒకరికి వస్తుంది" అని డాక్టర్ చెప్పారు. ఇప్పుడు అమ్మకి మూడో నెల. నాలుగు గళ్ళలో ఒక గడి తమ్ముడితో నిండిపోయింది కాబట్టి ఇక రాదని నేనే ఇంట్లో బొమ్మ గీసి చూపించాను. నిజమే కదా?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని

జవాబు: నిజం కాదమ్మా. ఈ జవాబు చదివిన వెంటనే ఇంట్లో చూపించు.

ఆ నాలుగు గళ్ళు నలుగురు పిల్లలు కాదు. ఒక్కొక్క కాన్పుకీ విడివిడిగా ఉన్న నాలుగు అవకాశాలు. తమ్ముడికి వచ్చిన సంగతి ఈ గర్భానికి తెలియదు. ఇప్పుడూ అవకాశం నాలుగింట ఒకటే. మెండెల్ 5,474 గుండ్రటి గింజలు, 1,850 ముడతల గింజలు లెక్కపెట్టి మూడుకి ఒకటి అన్నాడు. కానీ ఒక్కో మొక్క విడిగా చూస్తే, ఒకదానిలో 43 గుండ్రటివి, 2 ముడతలవి ఉన్నాయి. మరో దానిలో 14 గుండ్రటివి, 15 ముడతలవి. ఆయనే ఈ సంగతి రాసిపెట్టాడు. వేలల్లో కుదిరే నిష్పత్తి ఒక ఇంట్లో ముగ్గురు నలుగురు పిల్లల్లో కుదరాలని లేదు.

గర్భం పదకొండో వారం నుంచి మాయ ముక్క తీసి బిడ్డకి వ్యాధి ఉందో లేదో చెప్పే పరీక్ష చేయగలరు. ఆలస్యమైతే ఉమ్మనీటి పరీక్ష ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. తమ్ముణ్ణి చూసే డాక్టరునే అడిగితే దగ్గర్లో ఎక్కడికి వెళ్ళాలో చెబుతారు. ఈ వారమే వెళ్ళండి. ఫలితం వచ్చాక ఏం చేయాలన్నది మీ అమ్మానాన్నలు డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకుంటారు.

ఇంకొకటి, నీ గురించి. నీకు జబ్బు లేదు కాబట్టి నాలుగు గళ్ళలో జబ్బు గడి కొట్టెయ్. మిగిలిన మూడింట్లో రెండు వాహకులవి (పాడైన జన్యువు ఒకటే ఉన్నవాళ్ళు). అంటే నువ్వు వాహకురాలివయ్యే అవకాశం మూడింట రెండు. దానివల్ల నీకు ఏ కష్టమూ ఉండదు. ఒక రక్తపరీక్షతో తేలిపోతుంది, రిపోర్టు జాగ్రత్తగా దాచుకుంటే పెళ్ళి వయసులో పనికొస్తుంది.

*

ప్రశ్న: అబ్బాయికి మేనమామ పోలిక, అమ్మాయికి మేనత్త పోలిక అంటుంది అమ్మమ్మ. మా ఫ్రెండేమో అబ్బాయిలకి నాన్న జన్యువులు, అమ్మాయిలకి అమ్మ జన్యువులు వస్తాయంటాడు. ఎవరు కరెక్ట్?
– పదో తరగతి విద్యార్థి, తెనాలి

జవాబు: మీ ఫ్రెండు పూర్తిగా తప్పు. ఆడపిల్లైనా మగపిల్లాడైనా 23 క్రోమోజోములు అమ్మ నుంచి, 23 నాన్న నుంచి.

అమ్మమ్మ మాటలో కాస్త సరుకుంది. అబ్బాయికి ఉండే ఒకే ఒక్క ఎక్స్ క్రోమోజోమ్ అమ్మ ఇచ్చినది. మేనమామ ఎక్స్ కూడా అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చిందే. లెక్క వేస్తే ఎక్స్ మీది ఏ జన్యువైనా మేనమామకీ మేనల్లుడికీ ఒకటే కావడానికి నాలుగింట ఒక అవకాశం ఉంటుంది. బాబాయి నుంచైతే ఆ దారే లేదు. ఆయనతో కలిసేది వై. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వర్ణాంధత, రక్తం గడ్డకట్టని హీమోఫీలియా మేనమామలో ఉండి మేనల్లుడిలో తేలడం అందుకే. అమ్మాయి–మేనత్త సంగతి ఇంకా బాగుంటుంది. నాన్న తన ఎక్స్‌ని కూతురికి ఉన్నదున్నట్టు ఇస్తాడు. అది నానమ్మ ఇచ్చినది కాబట్టి, మేనత్తతో అందులో సగం కలుస్తుంది.

అయితే ఎక్స్ మన మొత్తం డీఎన్ఏలో ఇరవయ్యో వంతే. ముక్కూ మొహం తీర్చే జన్యువులు అన్ని క్రోమోజోముల మీదా చెదురుమదురుగా ఉంటాయి. ఆ పోలికల్లో బాబాయికీ మేనమామకీ సమాన హక్కే. పురిటికి పుట్టింట్లో ఉంటే మేనమామ పోలికలే ముందు కనబడతాయనుకో, అది వేరే సంగతి.

*

ప్రశ్న: ముగ్గురం ఆడపిల్లలం. నానమ్మ అమ్మనే తిడుతుంది. ఏం చెప్పాలి?
– ఎనిమిదో తరగతి విద్యార్థిని

జవాబు: అమ్మ అండంలో ఎప్పుడూ ఎక్సే ఉంటుంది. ఎక్స్ మోసే శుక్రకణం కలిస్తే అమ్మాయి, వై మోసేది కలిస్తే అబ్బాయి. నెట్టీ స్టీవెన్స్ అనే శాస్త్రవేత్త 1905లో పిండిపురుగుల మీద పనిచేసి ఈ సంగతి బయటపెట్టింది. అలాగని నాన్నని తిట్టమని కాదు. ఏ కణం ముందు చేరుతుందో నాన్న చేతిలోనూ లేదు. కోళ్ళలో మాత్రం వ్యవహారం తలకిందులు, పెట్టో పుంజో తేలేది తల్లి కోడి అండం బట్టే. నానమ్మ తిట్టాలనుకుంటే కోళ్ళ గూటి దగ్గరకి వెళ్ళమను.

*

ప్రశ్న: కన్ను కణాల్లో కంటికి సంబంధించిన జన్యువులు, గుండె కణాల్లో గుండె జన్యువులు ఉంటాయా? మా నాన్న బీటీ పత్తి వేస్తారు. దానిలో జన్యువులు ఉంటాయట, మామూలు పత్తిలో ఉండవా?
– పదో తరగతి విద్యార్థి, వరంగల్ జిల్లా

జవాబు: ఇంగ్లండులో లీడ్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 14–16 ఏళ్ళ విద్యార్థులు 482 మందిని అడిగినప్పుడు చాలామంది నీలాగే అన్నారు. కాబట్టి సిగ్గుపడక్కర్లేదు. అసలు సంగతి ఏమిటంటే, ఎర్రకణాల్లాంటి కొన్నిటిని మినహాయిస్తే, నీ శరీరంలో ప్రతి కణంలోనూ పూర్తి జన్యువులు ఉన్నాయి. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ అదే పెద్దబాలశిక్ష ఉంది, కానీ ఒక్కో ఇంట్లో ఒక్కో పేజీ తెరిచి ఉంది, అనుకో. కంటి కణంలో ఇన్సులిన్ జన్యువు ఉంటుంది, తెరుచుకోదు.

మామూలు పత్తిలో జన్యువులు సుమారు 70,000. బీటీ పత్తిలో వాటికి తోడు నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును చేర్చారు. మన దేశంలో 2002లో అనుమతి వచ్చినప్పుడు ఒక్కటే, తర్వాత రకాల్లో రెండు. ఆ జన్యువు చేయించే ప్రోటీన్ కాయతొలిచే పురుగు పేగును దెబ్బతీస్తుంది. గులాబీ రంగు పురుగు దానికి ఎలా అలవాటుపడిందో మీ నాన్న నాకన్నా బాగా చెబుతారు.

*

ప్రశ్న: మా నాన్నకి ఆపరేషన్లో వేరేవాళ్ళ రక్తం ఎక్కించారు. వాళ్ళ గుణాలు మాకు వస్తాయా?
– ఏడో తరగతి విద్యార్థి

జవాబు: రావు. ఎక్కించే ఎర్రకణాల్లో కేంద్రకమే ఉండదు, కొన్ని నెలల్లో అవీ పోతాయి. పిల్లలకి వెళ్ళేది శుక్రకణంలోని జన్యువులే. ఈ అనుమానం డార్విన్ బంధువు గాల్టన్‌కి కూడా వచ్చి, కుందేళ్ళకి వేరే రంగు కుందేళ్ళ రక్తం ఎక్కించి పిల్లల్ని చూశాడు. రంగు మారలేదని 1871లో ప్రకటించాడు. రక్తం ఇచ్చిన ఆ మనిషికి దణ్ణం పెట్టుకోండి, చాలు.

*

ప్రశ్న: తరతరాలుగా ఆడపిల్లలకి చెవులు కుట్టిస్తున్నాం కదా, మరి చిల్లులతోనే ఎందుకు పుట్టరు?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, ఒంగోలు

జవాబు: వైస్‌మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త కన్నా మంచి ప్రయోగం మనవాళ్ళు చేశారన్నమాట. ఆయన 1880లలో ఎలుకల తోకలు కత్తిరిస్తూ అయిదు తరాలు చూశాడు. పుట్టిన 901 పిల్లల్లో ఒక్కటీ తోక లేకుండా పుట్టలేదు. చెవి కుట్టినప్పుడు చిల్లు పడేది చెవి కణాల్లో. అండాశయంలో అండాలకి ఆ కబురు అందదు. జిమ్‌కి వెళ్ళిన నాన్న కండలు కొడుక్కి రావా అని అడిగిన మరో ముగ్గురికీ ఇదే జవాబు.

*

ప్రశ్న: డిగ్రీ అయిన మా అక్కని మా మామయ్యకి, అంటే అమ్మ తమ్ముడికి, ఇవ్వాలనుకుంటున్నారు. గోత్రాలు వేరు, రక్తం గ్రూపులు కూడా వేరు కాబట్టి ఏమీ కాదని నానమ్మ అంటోంది. సైన్స్ మేడమ్ మాత్రం మేనరికం చేసుకుంటే పిల్లలు అవిటివాళ్ళే పుడతారన్నారు.
– పదో తరగతి విద్యార్థి

జవాబు: ఇద్దరూ తప్పే.

గోత్రం తండ్రి వరసలోనే నడుస్తుంది. అమ్మ వైపు నుంచి వచ్చిన సగం జన్యువుల లెక్క దానికి పట్టదు. మీ అక్కా మామయ్యా గోత్రాలు వేరైనా, వాళ్ళిద్దరికీ నాలుగో వంతు జన్యువులు ఉమ్మడి. మేనత్త కొడుకో, మేనమామ కూతురో అయితే ఎనిమిదో వంతు. ఇరవై తరాల కిందట విడిపోయిన సగోత్రీకులకి మధ్య ఉమ్మడిగా వచ్చినది లేనంత తక్కువ ఉండొచ్చు. రక్తం గ్రూపుకీ దీనికీ సంబంధమే లేదు. దంపతులిద్దరిదీ ఒకే గ్రూపైనా నష్టం లేదు. చూసుకోవాల్సింది ఒక్కటే: ఆమె నెగెటివ్, ఆయన పాజిటివ్ అయితే గర్భం 28వ వారంలో ఒకసారి, పుట్టిన బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయ్యాక 72 గంటల్లోపు మరోసారి యాంటీ–డి ఇంజెక్షన్ ఇస్తారు.

ఇక మేడమ్ మాట. మనందరిలోనూ కొన్ని పాడైన అంతర్గత జన్యువులు ఉంటాయి. అదే జన్యువు పాడైనవాళ్ళు జతకడితేనే బిడ్డకి ప్రమాదం. దగ్గరి బంధువుల్లో ఆ అవకాశం పెరుగుతుంది. బంధుత్వం లేని దంపతులకి వందలో ఇద్దరు ముగ్గురు పిల్లలు పుట్టుకతో ఏదో ఒక పెద్ద లోపంతో పుడతారు. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్ళి అయితే దానికి మరో ఇద్దరు ముగ్గురు కలుస్తారు. అంటే తొంభై అయిదు మంది దాకా మామూలు పిల్లలే. మేనమామ–మేనకోడలు అయితే ముప్పు ఇంకా ఎక్కువ. కానీ ఇవి సగటులు. మీ అమ్మగారి వైపు చెవుడు, థలసీమియా, చిన్నప్పుడే పోయిన పిల్లలు ఉంటే ఈ లెక్కలు పనికిరావు, పెళ్ళి మాటకన్నా ముందు జన్యు సలహా తీసుకోవాలి. నా అభిప్రాయం అడిగితే, మేనమామకి ఇవ్వకపోవడమే మంచిది. మరి అక్కని అడిగారా? నీ ఉత్తరంలో ఆ ముక్క ఎక్కడా లేదు.

*

ప్రశ్న: అమ్మా నాన్నా ఇద్దరూ పొట్టి. బఠానీలో పొట్టి అంతర్గతం కాబట్టి నేను ఎప్పటికీ పొడుగు అవ్వనా? పైగా మా వంశంలో ఎవరికీ లెక్కలు రావు. నాకూ ఆ జన్యువు లేదని నాన్న ఎంపీసీ వద్దంటున్నారు.
– పదో తరగతి విద్యార్థి, అనంతపురం జిల్లా

జవాబు: మెండెల్ బఠానీల్లో పొడుగు మొక్క ఆరేడు అడుగులు, పొట్టిది అడుగున్నర లోపు. ఒక్క జన్యువు వాటి ఎదుగుదల హార్మోను తయారీని తేల్చేస్తుంది, మధ్యరకం ఉండదు. మనుషులు అలా రెండు రకాలుగా ఉన్నారా? 2022లో 54 లక్షల మంది డీఎన్ఏ చూసి వేసిన లెక్కలో ఎత్తుతో సంబంధం ఉన్న తేడాలు 12,000 పైచిలుకు తేలాయి. చాలావాటిలో ఒక్కొక్కటీ కలిపేది మిల్లీమీటరు కూడా ఉండదు. వాటిలో అమ్మ నుంచి ఏవి, నాన్న నుంచి ఏవి కలిసొచ్చాయో దాన్ని బట్టి, తిండిని బట్టి, చిన్నప్పటి జబ్బుల్ని బట్టి ఎత్తు తేలుతుంది. పొట్టి తల్లిదండ్రుల పిల్లలు సగటున పొట్టిగానే ఉంటారు, నిజమే. కానీ వాళ్ళని మించినవాళ్ళూ బోలెడంతమంది.

జన్యువు ఒక్కటే కారణమైన జబ్బులోనూ అది చివరి మాట కాదు. ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బులో ఒక్క ఎంజైము జన్యువు పాడై పిల్లల మెదడు దెబ్బతింటుంది. పుట్టగానే పరీక్ష చేసి పట్టుకుని, ప్రోటీన్లను లెక్కగట్టి ప్రత్యేక ఆహారం పెడితే వాళ్ళు మామూలుగా ఎదుగుతారు. జన్యువు మారలేదు, కంచంలో తిండి మారింది. అంత స్పష్టమైన జబ్బుకే దారి ఉన్నప్పుడు, లెక్కలకి ఒక జన్యువు ఉందనీ అది మీ వంశంలో లేదనీ నాన్నకి ఎవరు పరీక్ష చేసి చెప్పారు? అలాంటి ఒక్క జన్యువు లేదు. ఎంపీసీయా బైపీసీయా అన్నది నీ మార్కులు, నీ ఇష్టం చూసి తేల్చుకోండి.

*

ఉత్తరాలతో పాటు ఈసారి రక్తపరీక్షల, స్కానింగుల జెరాక్సులు చాలా వచ్చాయి. దయచేసి అవి పంపకండి. రిపోర్టు చూసి జబ్బు చెప్పడం పత్రికలో కుదరదు, కుదిరినా చెప్పకూడదు. కుటుంబంలో ఒకే జబ్బు ఇద్దరికి కనబడితే మూడు తరాల పేర్లు, వయసులు, ఎవరికేం ఉందో ఒక కాగితం మీద రాసుకుని జన్యు వైద్యుల దగ్గరకి వెళ్ళండి. వాళ్ళు మొట్టమొదట అడిగేది ఆ కాగితమే.